బోర్లా రొట్టె

మా ఆడబిడ్డ గౌరి వదినకు ఎమ్మిగనూరులో కడక్ రొట్టెల షెడ్డు ఉంది. జొన్నరొట్టెను పలచగా తట్టి, కాల్చి, మళ్ళీ సన్నని సెగ మీద ఆరబెడితే అప్పడంలా కరకరలాడుతుంది. అదే కడక్ రొట్టె. గాలి తగలని డబ్బాలో పెట్టుకుంటే చాలా రోజులు ఉంటుంది. వదిన వాటిని అట్టపెట్టెల్లో సర్ది బళ్ళారికి, బెంగళూరుకు బస్సులో వేస్తుంది. షెడ్డు మాత్రం పాత మగ్గాల షెడ్డే. మగ్గాలు పోయాక, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంటలను పూడ్చి పైన సిమెంటు చేయించింది. ఆ చోట నడిస్తే కాలి కింద ఇప్పటికీ కొంచెం బోలుగా తెలుస్తుంది.

మేముండేది ఆదోనిలో. మా పక్కిల్లు మహమ్మద్ అలీ అన్నది. పత్తి జిన్నింగు మిల్లుల యంత్రాలు బాగుచేస్తాడు. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి ఆయన కూతురు ఇర్ఫానాకు నేను అత్తను. ఆ పిల్ల కర్నూలులో ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో రోబోలకు గ్రిప్పర్లు చేసే కంపెనీలో పనికి కుదిరింది. గ్రిప్పర్ అంటే రోబో చేతి చివర ఉండే పట్టు. చెయ్యి ఎక్కడైనా ఒకటే. ఎత్తాల్సిన వస్తువును బట్టి పట్టు మారుతుంది. ఇర్ఫానా అక్కడ సబ్బు డబ్బాలు ఎత్తే పట్లు గీసేది.

"ఒకే మాదిరి ఉండే డబ్బాను ఎవరైనా ఎత్తుతారత్తా," అంది ఒకసారి సెలవుకు వచ్చి మా వంటింట్లో కూర్చున్నప్పుడు. "ఒకదాని మాదిరి ఇంకొకటి లేనిదాన్ని ఎత్తల్ల. అదీ గబగబా. అదీ విరక్కుండా."

ఆ మాట అంటూ గౌరి వదిన పంపిన రొట్టెను అందుకుంది. అది చేతిలోనే రెండు ముక్కలైంది. తినడం మానేసి ఆ ముక్కలను కలిపి, విడదీసి, మళ్ళీ కలిపి చూసింది. అట్లా మొదలైంది.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే. "రోబో చెయ్యి మేమిస్తాం, పట్టు నువ్వు చేసుకో. దసరాకు ముందు మనిషిని పంపి చూస్తాం. బాగుంటే నీ పేరుతోనే అమ్ముతాం. నువ్వు ఆదోనిలోనే ఉండి కొత్తవి చెయ్యి. బాగలేకుంటే చేతిని వెనక్కి పంపేసి, నువ్వు కూడా వచ్చెయ్" అన్నారు. వెళ్ళడమంటే మళ్ళీ సబ్బు డబ్బాలు. మహమ్మద్ అలీ అన్న తన షెడ్డులో సగం ఖాళీ చేసి, లేతు మిషనును గోడవారకు జరిపి, కూతురికి బల్ల వేయించాడు. "మా పాప ఇంక యాడికీ పోదు" అని మార్కెట్ యార్డు దాకా చెప్పుకుని వచ్చాడు. ఆయన అట్లా చెప్పుకుని వచ్చిన రోజు నుంచి ఇర్ఫానా నవ్వడం కొంచెం తగ్గింది.

ఆ చేతిని తన షెడ్డులో పెట్టి చూడడానికి గౌరి వదిన వెంటనే ఒప్పుకుంది. ఆమె ఇబ్బంది ఆమెది. "తట్టేవాళ్ళు దొరుకుతారు మల్లేశ్వరీ, పేర్చేకాడ నిలబడిపోతాంది పని. బిరబిరా పేరిస్తే విరుగుతాయి. మెల్లగా పేరిస్తే బస్సు ఎల్లిపోతాది. పేర్చేది మిషను జేస్తే, ఆ ఆడోళ్ళను గూడా తట్టే పనిలోకే పిల్చుకుంటా."

నేను వారంలో రెండు మూడుసార్లు ఇర్ఫానాతో పాటు ఎమ్మిగనూరు బస్సెక్కేదాన్ని. వదినకు చేతిసాయం అని ఇంట్లో చెప్పేదాన్ని. అది ఎట్లా ఎత్తుతుందో చూడాలనే కోరిక నాకూ ఉండేది.

మొదట గాలి పీల్చే రబ్బరు గిన్నెలు పెట్టింది. రొట్టెకంటిన పిండినంతా పీల్చుకుని అవి పూడిపోయాయి. తర్వాత ప్లాస్టిక్ వేళ్ళు పెట్టింది. వాటికి అంచులు విరిగాయి. ఆ తర్వాత వాళ్ళమ్మ గిన్నెల్లో మెత్తని రబ్బరు పోసి, ఆరబెట్టి, చివర్లు పలచగా ఉండే వేళ్ళు చేసింది. గాలి పంపితే ముడుచుకుంటాయి, తీసేస్తే విచ్చుకుంటాయి. వాళ్ళమ్మ ఆ గిన్నెలను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించలేదు.

కడక్ రొట్టె ఆరేటప్పుడు తాంబాళంలా వంగుతుంది. గుంట పైకి ఉంటే అంచులు బెల్టుకు తగలకుండా లేచి ఉంటాయి. ఇర్ఫానా ఆ సందును పట్టుకుంది. వేళ్ళు దిగి, అంచుల కిందికి దూరి, రొట్టెను నాలుగు వైపుల నుంచి మోసుకుని లేస్తాయి. గట్టిగా పట్టేది లేదు, నొక్కేది లేదు. అందుకే చెయ్యిని ఎంత వేగంగా తిప్పినా రొట్టె విరగలేదు. చూస్తే ముచ్చటగా ఉండేది. షెడ్డులో ఆడవాళ్ళు దానికి కొంగ అని పేరు పెట్టారు. వంగుతుంది, అందుకుంటుంది, పక్కకు తిరుగుతుంది.

కొంగకు ముందు, బెల్టు పక్కన నిలబడేది భీమక్క. ఆస్పరి దగ్గర పల్లె నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి, ఇక్కడే మనవళ్ళను కూడా ఎత్తింది. ఆరబెట్టే జల్లెడల మీద నుంచి రొట్టెలు బెల్టు మీద పడతాయి. భీమక్క వాటి మీది పిండిని గుడ్డతో దులిపి, మాడినవి ఏరేస్తుంది. అక్కడి నుంచి అవి కొంగ కిందికి పోతాయి. పొద్దున్నే కొంగకు దండం పెట్టుకుని పని మొదలుపెట్టేది. ఇర్ఫానాకు ఇంట్లో నుంచి డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చేది.

"తిను పాపా. నీ కొంగ తినల్యాదు, నువ్వన్నా తిను."

"దానికి గాలే తిండి పెద్దమ్మా."

"గాలి తిని ఇంత పని జేస్తాదా? మా ఆయనకు సెప్పల్ల ఈ మాట."

బాగా ఎత్తుతున్నప్పుడు ఇర్ఫానా నా చేతికి ఫోను ఇచ్చి వీడియో తీయమంది. నేను ఊపిరి బిగబట్టి, చెయ్యి కదలకుండా తీశాను. ఒక్క రొట్టె విరగలేదు. దాన్ని కంపెనీకి పంపితే, మహేశ్వర్ అనే ఇంజనీరు చూడడానికి వస్తాడని జవాబు వచ్చింది. ఆ సాయంత్రం మహమ్మద్ అలీ అన్న వీధిలో అందరికీ జిలేబీ పంచాడు.

ఆ తర్వాత ఒకరోజు భీమక్క పెళ్ళికని ఆస్పరి పోయింది. ఆమె చోట జ్యోతి నిలబడింది. జ్యోతి మంచి పనిమంతురాలే కానీ ఒక కన్ను ఫోను మీదే ఉంటుంది. ఆరోజు కొంగ కింద పటపటమని రొట్టెలు విరిగాయి. ఇర్ఫానా గాలి ఒత్తిడి తగ్గించింది, పెంచింది, వేళ్ళు మార్చింది. మధ్యాహ్నానికి ముక్కలు ఒక గంపెడయ్యాయి. మరునాడు భీమక్క వచ్చింది. కొంగ మళ్ళీ బుద్ధిగా ఎత్తింది.

"హస్తవాసి," అంది గౌరి వదిన. "భీమక్క హస్తవాసి మంచిది. ఆ కంపెనీ ఆయప్ప వచ్చే దినం నువ్వు పెండ్లి అన్నా, పేరంటం అన్నా కుదరదు, ముందే సెప్తాండా."

"నేను ల్యాకుంటే అది కూడా పన్జెయ్యదు సూడు," అని భీమక్క మురిసిపోయింది. "మా కోడలు గూడా అంతే."

అందరూ నవ్వారు. ఇర్ఫానా కూడా నవ్వింది కానీ రాత్రంతా గాలి గొట్టాలను విప్పి చూసిందట. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. పెరుగు తోడుకోకపోతే పాలు ఎట్లున్నాయో, గిన్నె ఎట్లుందో చూసే మనిషిని నేను. హస్తవాసి అని ఊరుకోలేను. మరుసటి సారి పోయినప్పుడు వేరుశనగలు వలుచుకుంటూ బెల్టు ఎదురుగా కూర్చున్నాను. అందరూ కొంగనే చూస్తారు, కదిలేది అదే కాబట్టి. నేను భీమక్క చేతిని చూశాను.

గుడ్డ పట్టుకున్నది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ఊరికే బెల్టు అంచున ఉంది. జల్లెడ మీది నుంచి ఒక రొట్టె బోర్లా పడింది. గుంట కిందికి, వీపు పైకి. కుడి చెయ్యి వేళ్ళు దాని అంచు కిందికి పోయి, రెప్పపాటులో వెల్లకిలా తిప్పి, మళ్ళీ తన చోటికి వచ్చాయి. భీమక్క ఆ వైపు చూడనైనా లేదు. జ్యోతితో పెళ్ళి భోజనాల సంగతి చెప్తోంది. ఇంకొకటి బోర్లా వచ్చింది. అదీ తిరిగింది.

నాకు ఒక్కసారిగా అంతా తెలిసింది. బోర్లా ఉన్న రొట్టెకు అంచులు బెల్టుకు అతుక్కుని ఉంటాయి. వేళ్ళకు సందు దొరకదు, నొక్కి విరుస్తాయి. పై నుంచి చూసే కెమెరాకు రెండూ గుండ్రంగా ఒకటిగానే కనిపిస్తాయి. ఇర్ఫానా రొట్టెలను చూసుకున్నదంతా కొంగ కిందే, భీమక్క చెయ్యి దాటి వచ్చిన తర్వాతే. ఆరిన రొట్టె వెల్లకిలానే వస్తుందనుకుని పట్టు గీసింది.

మా వైపు రొట్టెను బోర్లా పెట్టరు. పోయినవాళ్ళ దగ్గర పెట్టేటప్పుడే అట్లా పెడతారు. నా వంటింట్లో నేను కూడా గంపలో బోర్లా పడిన రొట్టెను తిప్పి పెట్టే ఉంటాను. ఎప్పుడు తిప్పానో అడిగితే చెప్పలేను. ఇన్ని రోజులూ అదే బెల్టు పక్కన తిరుగుతూ నాకు కనిపించకపోవడానికి కూడా కారణం అదే.

వదినను పొయ్యిల వెనకకు పిలిచి చెప్పాను. వదిన శాంతంగా విన్నది.

"సరే, చూసినావు. నోరు మూసుకోని ఉండు."

"అదెట్లా వదినా?"

"ఎట్లా అంటే? ఆయప్ప వచ్చే దినం భీమక్కను ఆడే నిలబెడతా. కొంగ ఎత్తుతాది. ఆయప్ప చూస్తాడు, కాఫీ తాగుతాడు, పోతాడు. పిల్ల ఆదోనిలోనే ఉంటాది. నీకు పక్కింటి పిల్ల ఉండేది ఇష్టం ల్యాదా ఏమి?"

"రేపు బళ్ళారిలో ఎవరో కొంటారు. భీమక్కను కూడా దానితో పాటు పంపుతామా?"

"పంపుదాం. పెట్టెలో పెట్టి, పైన తాడు కట్టి."

ఇద్దరం నవ్వాం. నవ్వు తొందరగానే అయిపోయింది.

"నీ కండ్లు ఊరికే ఉండవే," అంది వదిన. "కోడలి కంటికి ఒక్క మరక దాగదని మా అమ్మ నీ ఉతుకుడు మెచ్చుకుంటాంటే నాకు అప్పుడే అనుమానం వచ్చె. ఆ పిల్లను ఏడిపించొద్దు. వాళ్ళ నాయన వీధంతా చెప్పుకున్నాడు."

ఆ పూట చెప్పలేదు. ఇంటికి పోతే మహమ్మద్ అలీ అన్న గేటు దగ్గర నిలబడి, "చెల్లెమ్మా, మా పాప మిషను ఎట్ల పోతాంది?" అని అడిగాడు. బాగుందన్నా అని లోపలికి వచ్చేశాను. ఆ రోజు వండిన కూరలో ఉప్పు వేయలేదని మా ఆయన చెప్పేదాకా తెలియలేదు.

మరునాడు షెడ్డులో ఇర్ఫానా పక్కన నిలబడి అన్నాను: "కొంగను చూడొద్దు. కొంచెంసేపు భీమక్క కుడి చెయ్యి చూడు."

చూసింది. ఒక రొట్టె తిరిగింది. ఇంకొకటి తిరిగింది. ఇర్ఫానా వెళ్ళి కొంగను ఆపేసింది. లాప్‌టాప్ మూసింది.

"నేను చూసినవన్నీ వెల్లకిలానే ఉండె గదత్తా," అంది మెల్లగా.

"అవును."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"నిన్న."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పకుంటే నువ్వు ఇక్కడే ఉంటావు గదా అని ఒక పూట అనుకున్నా."

నా వైపు చూసింది. కోపమో, ఇంకేమో నాకు తెలియలేదు. భీమక్క దగ్గరికి పోయింది.

"పెద్దమ్మా, రొట్టెలు ఎందుకు తిప్పుతాండావు?"

"నేనా?" భీమక్క ఆశ్చర్యపోయింది. "నేను యాడ తిప్పినాను? పిండి దులుపుతాండా, అంతే."

బెల్టు ఇంకా కదులుతూనే ఉంది. ఆ మాట అంటూనే ఆమె చెయ్యి ఒక రొట్టెను తిప్పింది. జ్యోతి పకపకా నవ్వింది. భీమక్క తన చెయ్యిని పైకెత్తి, ముందూ వెనకా చూసుకుంది.

"ఇదెప్పుడు జేసె?"

ఇర్ఫానా నవ్వలేదు. అలసిపోయి ఉంది. "నువ్వు రేపటినుంచి బెల్టు కాడికి రావద్దు పెద్దమ్మా. నీ చెయ్యి దాని మీద పడకూడదు," అంది.

ఆ మాట వేరే విధంగా చెప్పి ఉండాల్సింది. షెడ్డులో తట్టే చప్పుడు ఆగిపోయింది. భీమక్క గుడ్డను మడిచి బెల్టు పక్కన పెట్టింది.

"నా చెయ్యి తగలగూడదంటాండావా? కానీయ్ తల్లీ. ఇంతమందికి తినబెట్టిన చెయ్యి. నీకు గూడా."

"అది కాదు పెద్దమ్మా..."

"బోర్లా ఉన్నదాన్ని అట్లనే ఎట్ల వదిలేస్తారు? బతికుండేవాళ్ళు తినే రొట్టె అది." పొయ్యిల వైపు పోయి, పెనం ముందు కూర్చుని, మళ్ళీ తల ఎత్తలేదు.

మరునాటి నుంచి ఉగ్గాని డబ్బా రాలేదు. ఇర్ఫానా బస్టాండు దగ్గర ఏదో తిని వచ్చేది. ఇద్దరూ ఒకే షెడ్డులో ఉండి ఒకరినొకరు తప్పించుకుంటూ తిరిగారు. నేను ఒకసారి భీమక్క పక్కన కూర్చుని, ఆ పిల్లకు ఇది కుదరకపోతే బెంగళూరు పోవాల్సి వస్తుందని చెప్పాను.

"పోనీ. ఆడ గూడా బువ్వ దొరుకుతాది," అంది. కొంచెం ఆగి, "ఆడ ఎవరున్నారు దానికి?" అంది.

"ఎవరూ లేరు. సబ్బు డబ్బాలు."

భీమక్క పిండి ముద్దను అవసరం కంటే గట్టిగా కొట్టింది.

ఇర్ఫానా పట్టును మార్చింది. నాలుగు వేళ్ళ నడుమ ఒక స్పాంజి దిండు పెట్టింది. దాని నుంచి గాలి పీలుస్తుంది. పిండి లోపలికి పోకుండా మెత్తని గుడ్డ అడ్డం కట్టింది. దిండు బోర్లా రొట్టె వీపుకు అంటుకుని ముందు కొంచెం పైకి లేపుతుంది, ఆ సందులో వేళ్ళు దూరతాయి. పని జరుగుతోంది కానీ ఒకే ఎత్తులో అయ్యేది రెండుగా అయింది. వేగం పడిపోయింది. గుడ్డ కూడా ఊరికే పిండి పట్టేది. విప్పడం, దులపడం, మళ్ళీ కట్టడం. మహేశ్వర్ వచ్చే రోజు దగ్గరపడింది.

"భీమక్కను పిలుద్దాం," అంది వదిన చివరిసారిగా. "ఒక్క దినమే. తర్వాత తీరిగ్గా నువ్వు ఏమన్నా చేసుకో."

ఇర్ఫానా పొయ్యిల కాడ కూర్చున్న భీమక్క వైపు చూసింది. పిలవాలనే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. "వద్దు ఆంటీ," అంది ఆఖరికి.

మహేశ్వర్ పొద్దున బస్సుకు దిగాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. పుట్టింది మన కర్నూలు పక్క గూడూరులోనేనట, అందుకే తనను పంపారట. కాఫీ ఇచ్చాం. గ్లాసు కింద పెట్టకముందే ఇర్ఫానా మొదలుపెట్టింది.

"సార్, మిషను వేయకముందు ఒక మాట చెప్పల్ల. మేము పంపిన వీడియోలో ఉండేది మిషను ఒక్కదాని పని కాదు."

మహేశ్వర్ తలెత్తాడు.

"బెల్టు కాడ ఉండే ఆమె బోర్లా పడిన రొట్టెలను తిప్పుతాండె. తిప్పుతాండేది ఆమెకే తెలీదు. వాళ్ళిండ్లలో రొట్టె బోర్లా ఉంచరు. ఆ తప్పు ఆమెది కాదు. రొట్టె పడేకాడ చూడకుండా, ఎత్తేకాడనే చూసి పట్టు గీసింది నేను. అది తెలిసినాక మార్చినాను. ఇప్పుడు రెండు రకాలూ ఎత్తుతాది. కానీ వీడియోలో ఉన్నంత వేగం లేదు."

పొయ్యిల దగ్గర భీమక్క రొట్టె తట్టడం ఆపింది.

మహేశ్వర్ జేబులోంచి ఫోను తీశాడు. నేను తీసిన వీడియోనే పెట్టాడు. దాన్ని ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేసి బల్ల మీద పెట్టాడు. నడుమ కొంగ. ఎడమవైపు అంచున, తెరలో సగం తెగిపోయిన ఒక చెయ్యి. ఆకుపచ్చ గాజులు. దాని వేళ్ళ కింద సగం తిరిగిన రొట్టె.

"మా ఆఫీసులో దీన్ని చూసినారు," అన్నాడు. "కావాలనే మనిషిని పక్కన పెట్టి తీసినారన్నారు ఇద్దరు ముగ్గురు. ముందు ఏమీ అడగొద్దు, ఆమె ఏం చెప్తుందో విను, ఏమీ చెప్పకుంటే రోబో చెయ్యి విప్పుకుని వచ్చెయ్ అని పంపినారు."

చెయ్యి వణకకుండా తీశానని మురిసిపోయిన వీడియో అది. నడుమ చూశానే తప్ప అంచులు చూడలేదు. వదిన నా వైపు ఒకసారి చూసి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

"మా అవ్వ గూడా బోర్లా ఉంచనిచ్చేది కాదు," అన్నాడు మహేశ్వర్. "నాకు ఆ వీడియో చూసినప్పుడు తట్టనే లేదు."

మిషను వేశారు. బెల్టు దగ్గర ఎవరూ లేరు. రొట్టెలు తమకు తోచినట్టు పడ్డాయి, కొన్ని అట్లా, కొన్ని ఇట్లా. కొంగ వంగింది, ఆగింది, లేపింది, పట్టింది, తిరిగింది. బోర్లా ఉన్నవాటిలో చాలావరకు ఎత్తింది. కొన్ని విరిచింది. ఒకసారి దిండుకు పిండి పట్టి రొట్టె జారింది. మహేశ్వర్ వంగి చూశాడు, ఫోనులో టైము చూసుకున్నాడు, వేళ్ళను పట్టుకుని మెత్తదనం చూశాడు. ఆపమన్నాడు.

"ఇప్పుడు దీన్ని అమ్మలేమమ్మా. వేగం చాలదు."

ఇర్ఫానా తల ఊపింది. "చెయ్యి ఎప్పుడు పంపమంటారు?"

"ఎందుకు పంపేది?" అతను ఇంకా ఆ దిండునే చూస్తున్నాడు. "దిండు లేపేది, వేళ్ళు పట్టేది రెండూ ఒకేసారి అయ్యేటట్టు చెయ్యి. శివరాత్రి దాకా ఇక్కడే పెట్టుకో, నేను మా వాళ్ళకు చెప్పుకుంటా. ఈసారి అన్నీ బోర్లా పెట్టి తీసి పంపు. ఒక్కటి కూడా వెల్లకిలా ఉండకూడదు. దాన్ని చూస్తే ఇంక ఎవరూ ఏమీ అనలేరు."

అతను బస్సెక్కాక ఇర్ఫానా వాళ్ళ నాన్నకు ఫోను చేసింది. "కుదరలేదు అబ్బాజాన్. పూర్తిగా పోలేదు కూడా," అంది. అవతల ఆయన ఏమన్నాడో వినిపించలేదు. "లేదు, జిలేబీ వద్దు," అంది.

తర్వాత కొన్నాళ్ళు ఆ పిల్ల ఆదోనిలో వాళ్ళ నాన్న షెడ్డులోనే కూర్చుని దిండును, వేళ్ళను కలిపింది. మహమ్మద్ అలీ అన్న లేతు మీద ఒక చిన్న ఇత్తడి గొట్టం తిప్పి ఇచ్చాడు. కొత్త పట్టును గుడ్డలో చుట్టుకుని ఇద్దరం ఎమ్మిగనూరు పోయాం.

ఇర్ఫానా బెల్టు ఆపి, రొట్టెలను తనే వరసగా బోర్లా పెట్టడం మొదలుపెట్టింది. అన్నీ వీపులు పైకే. తట్టే ఆడవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పుకున్నారు. జ్యోతికే ఎట్లాగో ఉన్నట్టుంది, ఫోను పక్కన పెట్టి, "దినం పెట్టినట్ల ఉండాదక్కా," అంది. తొందరలో ఇర్ఫానా చేతిలో ఒకటి విరిగింది. ఇంకొకటి విరిగింది.

భీమక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. బెల్టు దాకా రాకుండా కొంచెం దూరంలో ఆగింది.

"అన్నీ అట్లనేనా?"

"అన్నీ పెద్దమ్మా."

"ఎంతసేపు?"

"దానికి ఎత్తేది వచ్చేదాకా."

"ఆయప్ప కాడ నా తప్పు కాదని జెప్పి నువ్వు మీదేసుకున్యావు," అంది భీమక్క. "నేను ఇన్యా."

ఇర్ఫానా చేతిలో ముక్కలు పట్టుకుని నిలబడింది. "ఆ దినం నేను అట్ల అనాల్సింది కాదు. నీ చెయ్యి అంటే..."

"పోనీలే. జరుగు. నువ్వు పెడితే అన్నీ ఇరుగుతాండాయి. మిషను కాడికి పో."

భీమక్క తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. చెరగుతో తుడుచుకుంది. గంపలోంచి ఒక రొట్టె తీసి, కళ్ళకు అద్దుకుంది. పెదాలు కదిలాయి. ఎవరితో చెప్పుకుందో, ఏమని చెప్పుకుందో మాకు వినిపించలేదు. రొట్టెను బెల్టు మీద బోర్లా పెట్టింది. ఇంకొకటి తీసింది. ప్రతిదాన్నీ కళ్ళకు అద్దుకునే పెట్టింది. ఒక్కటి కూడా విరగలేదు. బెల్టు చివరిదాకా నిండాక వెనక్కి వచ్చి, రెండు చేతులనూ చెరగులో చుట్టి, గట్టిగా పొట్టకు అదుముకుంది.

నేను ఫోను తీసి, ముందు నాలుగు అంచులూ చూసుకున్నాను. ఎక్కడా ఎవరి చెయ్యీ లేదు.

"ఊఁ, కానీ పాపా," అంది భీమక్క, బెల్టు వైపు చూడకుండా.